అమ్మ సెలవు... ఎవరి ఖర్చు?

పాపాయి పుట్టాక ఉద్యోగంలో కొనసాగాలా, ఇంటిపట్టున ఉండాలా? అది అమ్మ ఇష్టమేనంటాం. కానీ ఆ ఇష్టానికి హద్దులు గీసేది మాత్రం చట్టాలూ జీవోలే. అదెలాగంటే...

పాపకి ఆరో నెల వస్తోందంటే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉండగలరా, అమ్మ మోకాళ్లు సహకరిస్తాయా, ఆయాకి ఎంతివ్వాలి, ఆ డబ్బూ ఆటో ఖర్చూ పోతే జీతంలో మిగిలేదెంత... తలా ఓ మాట చెబుతారు. నోరు విప్పకుండానే తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా ఆ పంచాయితీలో ఒకరుంటారు. అదే ప్రభుత్వం. సెలవు ఎన్ని వారాలు, ఆ రోజుల జీతం ఎవరి జేబులోంచి, పగలు బిడ్డను చూసేదెవరు- ఈ మూడు ప్రశ్నలకీ సర్కారు ఏం జవాబిచ్చిందన్నదాన్ని బట్టే చాలా ఇళ్లలో లెక్క తేలుతుంది.

వారాలు పెరిగాయి, భారమూ పెరిగింది

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగినికి 12 వారాల సెలవిచ్చింది. 2017 ఏప్రిల్‌ 1 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకూ దాన్ని 26 వారాలు చేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన కనీస ప్రమాణం 14 వారాలే కాబట్టి, కాగితం మీద ఇది చాలా దేశాలకన్నా ఉదారమైన చట్టం.

చిక్కల్లా జీతం దగ్గరే. ఉద్యోగుల రాజ్యబీమా (ఈఎస్‌ఐ) పరిధిలో ఉన్న ఉద్యోగినికి సెలవు కాలపు జీతం ఆ సంస్థ నిధి నుంచే వస్తుంది. ఆ నిధికి ఆడా మగా తేడా లేకుండా ప్రతి ఉద్యోగి పేరునా చందా జమవుతుంది. కాబట్టి మహిళను ఉద్యోగంలోకి తీసుకున్నంత మాత్రాన యాజమాన్యానికి అదనపు ఖర్చేమీ లేదు. కానీ, ఈఎస్‌ఐకి జీత పరిమితి నెలకు రూ.21 వేలు. అది దాటితే ఆర్నెల్ల జీతం మొత్తం యజమానే ఇవ్వాలి. నెలకు 40 వేల జీతమైతే సుమారు 2 లక్షల 40 వేలు. ఆమె స్థానంలో తాత్కాలికంగా పెట్టుకున్న మనిషికిచ్చేది దీనికి అదనం.

పెద్ద కంపెనీలకు ఇదో లెక్క కాదు. పదిహేనుమంది పనిచేసే చిన్న సంస్థకు మాత్రం గట్టి దెబ్బే. అందుకే ఇంటర్వ్యూలో ‘పెళ్లెప్పుడు?’, ‘పిల్లల గురించి ఏమనుకుంటున్నారు?’ అన్న ప్రశ్నలు మర్యాద ముసుగేసుకుని వస్తాయి. అడగని చోట ఆ ఉద్యోగం గుట్టుగా ఓ అబ్బాయికి వెళ్తుంది. ఈ ప్రమాదం ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. ఏడు వారాల జీతాన్ని యాజమాన్యాలకు తిరిగి చెల్లించే పథకాన్ని రూపొందిస్తున్నట్లు 2018 నవంబరులో కేంద్ర కార్మికశాఖే చెప్పింది. అయినా 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలో కూడా ఆ భారం యజమాని మీదే ఉంది.

దాదాపు వందేళ్ల కిందటి మాట

1928 జులైలో బొంబాయి శాసనమండలిలో మహిళా కార్మికుల ప్రసూతి భృతి బిల్లు చర్చకొచ్చింది. దాన్ని సమర్థిస్తూ మాట్లాడిన వాళ్లలో డాక్టర్‌ అంబేడ్కర్‌ ఒకరు. ప్రసవానికి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దక్కడం జాతి ప్రయోజనమనీ, ప్రజల క్షేమం ప్రధానంగా ప్రభుత్వ బాధ్యత గనక ఆ ఖర్చులో పెద్ద వాటా అదే భరించడం న్యాయమనీ ఆయన వాదించారు. అయితే ప్రభుత్వం పూనుకునేదాకా యజమాని తప్పించుకోవడాన్నీ ఆయన ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే బొంబాయిలో చట్టమొచ్చింది. సెలవు వచ్చింది కానీ, ఖర్చు ఎవరిదన్న ప్రశ్న నేటికీ అక్కడే ఉంది.

చాటే ఆఫీసైన చోట

సెలవూ జీతమూ ఆచరణలో అందని తల్లులే మన దగ్గర ఎక్కువ. నిజామాబాద్‌, కామారెడ్డి, సిరిసిల్ల పల్లెల్లో ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టే అమ్మను ‘ఇల్లా, పనా?’ అనడిగితే నవ్వుతుంది. పక్కనే ఉయ్యాల, ఒళ్లో పొగాకు. చుట్టిన లెక్కన కూలి. చుట్టని రోజున అదీ లేదు.

ఇలాంటి తల్లులకు కూలి నష్టపరిహారం అందాలన్న ఆలోచనతో, 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం రూ.6 వేలు ఇవ్వాలంది. 2017లో మొదలైన మాతృవందన యోజన మాత్రం తొలి కాన్పుకు రూ.5 వేలతో సరిపెట్టింది. తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే రూ.6 వేలు చేర్చారు. 2017లోనే తెలంగాణ తెచ్చిన కేసీఆర్‌ కిట్‌ పథకం, సర్కారు దవాఖానాలో కాన్పయితే రూ.12 వేలు, ఆడపిల్ల పుడితే రూ.13 వేలు విడతలవారీగా ఇచ్చింది. ఉద్యోగిని ఆర్నెల్ల జీతంతో పోల్చి చూస్తే, ఈ మొత్తాలు కూలితల్లిని ఎన్నాళ్లు ఇంట్లో ఉంచగలవో చెప్పనక్కర్లేదు.

పగలు బిడ్డ ఎవరి దగ్గర?

సెలవు ముగిశాక అసలు పరీక్ష మొదలవుతుంది. పిల్లల్ని చూసుకునే చోటు గురించి మన చట్టాలు మాట్లాడటం కొత్తేం కాదు. 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట క్రెష్‌ ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అందులోనే ఓ మెలిక ఉంది. మహిళల సంఖ్యను బట్టి బాధ్యత పడితే, ఆ సంఖ్య 30 దాటకుండా చూసుకోవడం యజమానికి లాభం. 2017 సవరణ ఆ మెలికను విప్పింది. ఆడా మగా కలిపి 50 మంది ఉంటే చాలు, క్రెష్‌ తప్పనిసరి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు.

ఊళ్లో ఆ బాధ్యత అంగన్‌వాడీది అనుకుంటాం. కానీ 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌ పథకం మొదలైంది పోషకాహారం, ఆటపాటల చదువు, టీకాల కోసం. మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి సరుకులిస్తారు తప్ప పగలంతా ఉంచుకోరు. తల్లికి ఎక్కువ ఆసరా కావాల్సిన వయసు సరిగ్గా అదే. ఆ లోటు పూడ్చడానికే కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీ-క్రెష్‌లు తెచ్చింది. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల పిల్లల్ని రోజుకు ఏడున్నర గంటలు చూడాలన్నది నియమం. దేశం మొత్తానికీ పెట్టుకున్న లక్ష్యం 17 వేల కేంద్రాలు. అంగన్‌వాడీలేమో 13 లక్షలకు పైనే! పొరుగున ఉన్న కర్ణాటక, ఉపాధి కూలీల పిల్లల కోసం పంచాయతీల్లో ‘కూసిన మనె’ శిశు కేంద్రాలు నడుపుతోంది. అక్కడి పిల్లల ఆలనకు ఉపాధి కూలీ తల్లులకే శిక్షణ ఇచ్చారు. అంటే ఒక తల్లి పనికి వెళ్లే వీలు, ఇంకో తల్లికి పనయింది.

నాన్న ఎక్కడ?

సర్కారు కొలువులో ఉన్న తల్లులకు వెసులుబాటు ఎక్కువ. కేంద్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. తండ్రికి దక్కేది 15 రోజుల పితృత్వ సెలవు. ప్రైవేటులో అయితే చట్టప్రకారం అదీ లేదు. అమ్మకు ఏళ్లూ నాన్నకు రోజులూ ఇచ్చి, బిడ్డ ఎవరి బాధ్యతో విధానమే తేల్చేసింది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు.

జనాభా విధానంలో ఇప్పుడు గాలి మరోవైపు మళ్లుతోంది. సంతానోత్పత్తి రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8గా ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్‌ 2024లో ఎత్తేసింది. 2025లో ప్రభుత్వ ఉద్యోగినుల ప్రసూతి సెలవుకూ ఇద్దరు పిల్లల పరిమితిని తీసేసింది. నిన్నటిదాకా పిల్లలు వద్దని కట్టడి చేసిన విధానమే నేడు కావాలంటోంది. కనమనడం తేలికే. కన్నాక ఆమె కొలువు నిలిచే ఏర్పాటు ఏదన్నదే ప్రశ్న.

జవాబు మన చట్టాల్లోనే ముక్కలుముక్కలుగా ఉంది. ఈఎస్‌ఐ తరహా ఉమ్మడి నిధి అందరికీ వర్తిస్తే అమ్మాయిని తీసుకోవడం నష్టమనే లెక్క పోతుంది. నాన్నకూ తప్పనిసరి సెలవుంటే యజమాని దృష్టిలో ఇద్దరూ సమానమవుతారు. ఊరి అంగన్‌వాడీ చంటిబిడ్డల్ని కూడా ఉంచుకుంటే కూలితల్లికి పూట గడుస్తుంది. ఇవన్నీ ఉన్నాక కూడా ‘నేను ఇంట్లోనే ఉంటా’నని ఓ తల్లి అంటే, అది నిజంగా ఆమె ఇష్టం. మనమేమో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ తల్లి ఖాతాలో ఎంత వేస్తారని మాత్రమే చూస్తున్నాం. మా పిల్లల్ని సాయంత్రం ఎన్నింటిదాకా చూసుకుంటారని కూడా అడగాలి.