ఊరి ముచ్చట రాసే పిల్లలకు ఫెలోషిప్

స్కాలర్‌షిప్ అంటే మనందరికీ తెలుసు, చదువుకునే పిల్లలకిచ్చే డబ్బు. ఫెలోషిప్ అనగానే మాత్రం అదేదో డాక్టరేట్ల వ్యవహారమనుకుని ఊరుకుంటాం. అంత దూరపుదేమీ కాదండీ. చదువు ముగించి ఒక పని తలపెట్టిన యువతీయువకులకు, ఆ పని మీదే ఉండటానికి కొంతకాలం ఇచ్చే భృతి అది. ఊరి చరిత్ర, పాటలు, కళలు సేకరించే పనికి కూడా ఇస్తారు.

మన భీమ్‌గల్ వైపే చూడండి. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టిన ఆడవాళ్ళు ఎందరో! వాళ్ళ కూలి లెక్క కార్ఖానా పుస్తకంలో ఉంటుంది. చుడుతూ చెప్పుకున్న ముచ్చట్లు ఎక్కడుంటాయి? గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళతో నడిచిన ఉత్తరాలు, మాటలు నింపి పంపుకున్న క్యాసెట్లు ట్రంకు పెట్టెల్లో అడుగున పడి ఉన్నాయి. ఇటు బోధన్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. షిఫ్టుల లెక్కన పొయ్యి వెలిగించిన శక్కర్‌నగర్ ఇల్లాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళను ఇప్పుడడగకపోతే ఇంకెప్పుడడుగుతాం?

అమెరికాలో 1930లలో, పని దొరకని రచయితలకు ప్రభుత్వమే జీతమిచ్చి పల్లెలకు పంపింది. ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధుల మాటలు అలా కాగితానికెక్కాయి.

మన దేశంలో కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ ఉంది. 25 నుంచి 40 ఏళ్ళవారికి నెలకు 10,000 రూపాయలు, రెండేళ్ళపాటు. ఎంపిక పని చూసేది 1979లో ఏర్పడిన సి.సి.ఆర్.టి.; దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదు మాదాపూర్‌లోనూ ఉంది. డబ్బు నెలనెలా చేతికి రాదు. ఆరు నెలలకొక వాయిదా, చేసిన పని నివేదికలు కూడా పంపుతుండాలి. కాబట్టి మధ్యలో బస్సు చార్జీలకు ఇంటివాళ్ళే సర్దాల్సి వస్తుంది, ముందే అనుకోండి. ఇక స్టేట్ బ్యాంకు వారి యూత్ ఫర్ ఇండియా 2011లో మొదలైంది. 21 నుంచి 32 ఏళ్ళ పట్టభద్రులు ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి 13 నెలలు పల్లెలో ఉండి పనిచేయాలి. సంప్రదాయ చేతివృత్తులు అందులో ఒక విభాగం.

"ఇదేం ఉద్యోగమే తల్లీ?" అని అడుగుతాం, అడగాలి కూడా. ఉద్యోగం కాదు. గడువు తీరితే భృతి ఆగిపోతుంది, తరువాతి కొలువుకు ఎవరూ హామీ ఇవ్వరు. రెండేళ్ళకు కలిపి 2,40,000 రూపాయలు, చేతిలో ఒక పూర్తయిన పని. పెళ్ళి సంబంధాల వేళ ఇది చెప్పడం కష్టమే, కాదనను!

దరఖాస్తులో పిల్లలు తడబడేది పని హద్దు దగ్గర. 'నిజామాబాద్ జిల్లా సంస్కృతి' అని రాస్తే అది రెండేళ్ళలో తెమిలేది కాదు. 'భీమ్‌గల్‌లో రెండు వాడల బీడీ కార్మికుల జ్ఞాపకాలు' అంటే ఎందరిని కలుస్తారో, ఎన్ని గంటలు రికార్డు చేస్తారో లెక్క తేలుతుంది. మాట్లాడినవాళ్ళ అనుమతి ముందే తీసుకోవాలి. వద్దన్న మాట తీసేయాలి. రికార్డు ప్రతి ఒకటి వాళ్ళ ఇంటికీ, ఇంకొకటి ఊరి గ్రంథాలయానికీ ఇస్తే మంచిది.

ఈ పనిలో ఆడపిల్లకు ఒక సౌకర్యముంది. మగపిల్లవాణ్ణి అరుగు మీదే కూర్చోబెడతారు, ఆడపిల్లను వంటింట్లోకి రానిస్తారు. మొదటిసారి తల్లో, మేనత్తో వెంట వెళ్ళి పరిచయం చేస్తే నోరు తొందరగా విప్పుతారు. బతుకమ్మ రోజుల్లో మనుషులు ఇంటింటా దొరుకుతారు. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే పొద్దున మాత్రం పోవద్దు, ఆ పూట ఎవరికీ తీరదు.