చల్లదనానికొక దుబాసీ

2024 వేసవిలో ఒక ఆదివారం ఉదయం. మా సంఘ భవనంలోని పెద్ద హాలులో భాగవత పఠనం జరుగుతున్నది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. లోపల మాత్రం పెద్దవారు కొంగులూ ఉత్తరీయాలూ చెవుల చుట్టూ కప్పుకొని కూర్చున్నారు. గోడకున్న మీట ఎంత నొక్కినా ఏసీ మాట వినలేదు. కావలి మనిషి వచ్చి, "దాని అధికారమంతా ఆఫీసులోని కంప్యూటరుదేనండీ" అన్నాడు. మేము వెళ్లి చూస్తే, కంప్యూటరులోని వేళల పట్టికలో 26 డిగ్రీలని చక్కగా ఉన్నది. హాలులో ఏసీ మాత్రం 18 దగ్గర మొండికేసి కూర్చున్నది.

పట్టిక తప్పా, యంత్రం తప్పా? రెండూ కాదని తరువాత తేలింది. ఆ సంగతి తెలియాలంటే, ఆ రెంటి నడుమ ఉన్న దుబాసీని గురించి ముందు చెప్పుకోవలె.

కుంపిణీ కాలంలో చెన్నపట్నంలో మనవారెందరో దుబాసీలుగా పని చేశారు. వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 నుండి 1829 వరకు ఇక్కడి సదరు కోర్టులో అనువాదకులుగా ఉన్నారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు ఆ విద్య నేటికీ కొత్త కాదు. ఏసీల లోకంలో ఆ పని చేసే చిన్న పెట్టె పేరు గేట్‌వే.

ఏసీలు తయారుచేసే కంపెనీలు తమ యంత్రాలకు సొంత భాషలు పెట్టుకున్నవి. దీపాలూ, పంపులూ, ఏసీలూ అన్నిటినీ ఒకచోటి నుండి నడిపే భవన వ్యవస్థకు ఆ భాషలు తెలియవు. దానికి వచ్చినవి ఉమ్మడి భాషలు. వాటిలో మోడ్‌బస్ 1979లో పుట్టింది. బ్యాక్‌నెట్‌ను ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంఘం 1987లో మొదలుపెట్టి 1995లో ప్రమాణంగా వెలువరించింది. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది.

గేట్‌వే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తుంది. ఏసీ నడవాలా ఆగాలా, ఎన్ని డిగ్రీలకు చల్లబరచాలి అన్నది ఇటునుంచి వెళ్లే మాట. గది ఇప్పుడెంత వేడిగా ఉన్నది, యంత్రానికేమైనా జబ్బు చేసిందా అన్నది అటునుంచి వచ్చే మాట. కోరిన డిగ్రీలు వేరు, గదిలో ఉన్న డిగ్రీలు వేరు. ఈ రెంటినీ కలిపి చూసి తికమకపడేవారు చాలామంది. మోడ్‌బస్‌లో 24.5 డిగ్రీలను 245 అని పంపడం కూడా కద్దు. దానిని పదితో భాగించాలని అమర్చేవారు చెప్పకపోతే దుబాసీ తనంతట తాను దిద్దుకోడు.

ఇక మా హాలు సంగతి. బ్యాక్‌నెట్‌లో ఆజ్ఞలకు 16 మెట్లున్నవి. ఒకటో మెట్టు అన్నిటికంటె పైది, అది ప్రాణరక్షణకు. ఎనిమిదో మెట్టు మనిషి స్వయంగా ఇచ్చే ఆజ్ఞకు. మా వేళల పట్టికను అంతకంటె కింది మెట్టున పెట్టారు. పైమెట్టున ఆజ్ఞ ఉన్నంతకాలం కిందిది చెల్లదు. శుక్రవారం రాత్రి హాలులో పెళ్లి జరిగింది. జనం ఉక్కపోస్తున్నదంటే, మాలో ఒకరే ఆఫీసులో కూర్చొని 18 అని ఎనిమిదో మెట్టున ఆజ్ఞ వేశారు. పెళ్లి ముగిసింది గాని, ఆ ఆజ్ఞను వెనక్కు తీసుకున్నవారు లేరు. ఆదివారం పట్టిక 26 అని చెప్పింది. పైనున్న 18 దానిని అడ్డుకున్నది. గోడ మీటకు గేట్‌వే ద్వారా మేమే తాళం వేయించి ఉంటిమి!

ఇది విని ఒక పెద్దమ్మగారు, "పెళ్లివారు వెళ్లి రెండు రోజులైంది గదా నాయనా, వారి చలి ఇంకా ఇక్కడే ఉన్నదా?" అన్నారు. మాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ కలిగింది.

తరువాత మూడు మార్పులు చేశాము. చేత్తో ఇచ్చిన ఆజ్ఞ నాలుగు గంటల తరువాత దానంతటదే తొలగిపోయేటట్లు పెట్టించాము. గోడ మీటకు తాళం తీయించి, 24 నుండి 28 వరకు హాలులో కూర్చున్నవారే మార్చుకొనే వీలు కల్పించాము. ఆజ్ఞ ఇచ్చినవారు పుస్తకంలో సంతకం చేయాలని నియమం పెట్టాము.

24 అంకెకు కారణమున్నది. 2020 జనవరి 1 నుండి మన దేశంలో నక్షత్రాల గుర్తుగల గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేటట్లు తయారుచేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ అంచనా. మా హాలు యంత్రం పెద్దది, లెక్క అచ్చంగా అంతే కాకపోవచ్చు. దారి మాత్రం అదే.

దుబాసీ ఆనాడు ఏ తప్పూ చేయలేదు. చెప్పిన మాటే చేరవేశాడు. గదిలో కూర్చున్నవారి మాట అతనికి చేరే దారిని మూసినది మేమే. భవనాలకు ఇటువంటి ఏర్పాటు చేయించే సోదర సంఘాలవారు డిగ్రీల కంటె ముందు ఈ సంగతి ఆలోచించవలెనని మా మనవి.