పొగను చూసి నిప్పును వెతికే పరీక్ష

ఆర్నెల్ల కిందట మా వీధి చివర ఉండే మాష్టారు పొద్దున్నే ఒక కాగితం పట్టుకుని వచ్చారు. పిల్లలు ఆయన పుట్టినరోజుకని ఒళ్లంతటికీ పరీక్షల ప్యాకేజీ కట్టారట. మూడు పేజీల రిపోర్టు. అందులో ఒక్క వరుస మాత్రం ఎర్రక్షరాల్లో ఉంది. సి.ఏ. 19-9 అట, 58 అట. పక్కనే 37 లోపు ఉండాలని రాశారు. "ఇది క్లోమం కేన్సరుకు చేసే పరీక్షటగా?" అన్నారు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. పరీక్ష చేసినవాళ్లు కాగితం చేతిలో పెట్టారు గానీ దాని అర్థం ఏమిటో ఒక్క మాట చెప్పలేదు.

ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తెలిసినంత చెప్పాను. ఆయన వెళ్లగానే మా మనవరాలు పీట లాక్కుని వచ్చింది. "తాతయ్యా, నాకు మొదట్నుంచీ చెప్పు" అంది. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

క్లోమం పేరు చాలామందికి తెలుసు, అదెక్కడ ఉంటుందో తెలియదు. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తల చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉంటే తోక ఎడమ పక్కకు సాగి ఉంటుంది. మనం తిన్న పప్పూ నెయ్యీ అరగడానికి రసాలిచ్చేది అదే, ఇన్సులిన్ ఇచ్చేదీ అదే. అంత లోపల ఉండబట్టి డాక్టరు పొట్ట నొక్కి చూసినా చేతికి తగలదు. అక్కడ గడ్డ పుడితే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. అమెరికా లెక్కల ప్రకారం ఈ కేన్సర్ వచ్చిన వందమందిలో ఐదేళ్లు గడిచాక మిగిలేది పదమూడు మంది. గడ్డ క్లోమం దాటకముందే దొరికిన వాళ్లలో అయితే నలభై మందికి పైనే. ఇన్ని ప్రయోగశాలలు దీనికొక రక్తపరీక్ష కావాలని తపించేది ఈ తేడా కోసమే.

రాల్ఫ్ స్టైన్‌మన్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవారు. మన రోగనిరోధక శక్తికి దారి చూపించే డెండ్రిటిక్ కణాలను కనిపెట్టిన మనిషి. ఆయనకు 2007లో ఈ జబ్బే బయటపడింది. 2011 అక్టోబరు 3న నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి మూడు రోజులైంది, ఆ సంగతి బహుమతి ఇచ్చేవాళ్లకు తెలియదు. బహుమతి మాత్రం ఆయన పేరునే ఉంచారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక ఆ 19-9 సంగతి. ఫిలడెల్ఫియాలో విస్టార్ అనే పరిశోధన సంస్థ ఉంది. దాన్ని చాలాకాలం నడిపినవారు హిలరీ కొప్రోవ్‌స్కీ. పోలండులో పుట్టిన మనిషి, పియానో విద్వాంసుడు. నోటి ద్వారా ఇచ్చే పోలియో మందును మనుషులకు మొట్టమొదట 1950లో ఇచ్చింది ఆయనే. పెద్దపేగు కేన్సర్ కణాలకు అతుక్కునే ప్రతిరక్షకాన్ని ఆయన బృందం 1979లో తయారుచేసింది. దానికి ప్రయోగశాలలో వేసుకున్న గుర్తులోదే ఈ 19-9. పెద్దపేగు కోసం తయారైంది, చివరికి క్లోమానికి ఎక్కువ అక్కరకొచ్చింది.

ఆ ప్రతిరక్షకం పట్టుకునేది కణాల మీద ఉండే చిన్న చక్కెర గొలుసును. క్లోమం కేన్సర్ కణాలు దీన్ని విపరీతంగా తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే ఆరోగ్యంగా ఉన్న క్లోమమూ పైత్యనాళమూ కూడా దీన్ని కొంచెం కొంచెం తయారుచేస్తూనే ఉంటాయి. మామూలుగా అది పైత్యరసంతో కలిసి పేగులోకి పోతుంది. దారిలో ఒక రాయి అడ్డుపడిందనుకోండి, తూము మూసుకుపోయిన కాలవ గట్టు తెంచుకుని పొలం మీద పడ్డట్టు రక్తంలోకి ఎక్కుతుంది. కామెర్లలో పెరుగుతుంది, క్లోమం వాచినా పెరుగుతుంది, కాలేయం గట్టిపడ్డా పెరుగుతుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే, కానీ ఆ నిప్పు కొంపకే అంటుకోనక్కర్లేదు. వంటింట్లో పొయ్యి అయినా కావచ్చు, దొడ్లో దోమలకు వేసిన పొగైనా కావచ్చు.

"మరి పొగ రాకపోతే నిప్పు లేనట్టేనా?" అంది మనవరాలు. అదీ కాదు. ఈ చక్కెర గొలుసు తయారు కావాలంటే ఒంట్లో ఒక ఎంజైము ఉండాలి. ఎ, బి, ఓ రక్తవర్గాలలాగే లూయిస్ అని మరో వర్గం ఉంది, ఆ ఎంజైముకూ దానికీ చుట్టరికం. యూరప్ సంతతివాళ్లలో నూటికి ఐదు నుంచి పదిమందికి ఆ ఎంజైము ఉండదు. అలాంటివాళ్లకు గడ్డ ఎంత పెరిగినా ఈ అంకె దాదాపు కదలదు. అది నివురుగప్పిన నిప్పు.

తర్వాత దాని చేత లెక్క చేయించాను. లక్షమంది ఉన్న ఊళ్లో పదిమందికి ఈ జబ్బు ఉందనుకో. పరీక్ష ఆ పదిమందిలో ఎనిమిదిమందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి పదిమందిని ఊరికే భయపెడుతుంది. ఎర్రక్షరాలు ఎంతమందికి వస్తాయి? పెన్సిలుతో గీసి గీసి 10,007 అంది. అందులో జబ్బున్నవాళ్లు ఎనిమిదిమంది. "మిగతా పదివేల మందీ మాష్టారిలాగా నిద్రపోరన్నమాట" అంది. ఆ మాటకు దాని తల నిమిరాను.

ఇది ఊహ లెక్కే గానీ నిజమూ ఇలాగే ఉంది. కొరియాలో ఏ బాధా లేని డెబ్బయివేల మందికి పైగా ఈ పరీక్ష చేస్తే వెయ్యిమందికి పైగా అంకె ఎక్కువ వచ్చింది. వాళ్లలో క్లోమం కేన్సర్ ఉన్నది నలుగురికి. అమెరికాలో ఇలాంటి విషయాలు తేల్చే నిపుణుల బృందం కూడా, ఏ లక్షణమూ లేని మామూలు మనుషుల్లో ఈ కేన్సర్ కోసం గాలించవద్దని 2019లో మళ్లీ చెప్పింది. ఆరోగ్య ప్యాకేజీల్లో దీన్ని కలిపి అమ్మడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని పరీక్ష చెడ్డది కాదు, దాని పని వేరు. జబ్బు స్కానులో, ముక్క పరీక్షలో తేలాక, ఆపరేషన్ అయ్యాక ఈ అంకె దిగిందా, కీమో పనిచేస్తోందా, జబ్బు మళ్లీ తలెత్తుతోందా అని కనిపెట్టి ఉండటానికి ఇది చాలా మంచి కాపలాదారు.

దీనికి తోడు కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. నాకు ఎంతో నచ్చిన ప్రయత్నం అదే ఫిలడెల్ఫియాలో జరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కెన్ జారెట్ బృందం ముదిరిన క్లోమం కేన్సర్ కణాలను తీసుకుని, మూలకణాల స్థితికి వెనక్కి నడిపించింది. తర్వాత వాటిని మళ్లీ మొదటినుంచి పెరగనిచ్చి, పసితనంలో ఆ జబ్బు ఏయే ప్రోటీన్లు వదులుతుందో చూసింది. ముసలివాణ్ణి మళ్లీ పసివాణ్ణి చేసి, చిన్నప్పుడు ఎలా ఏడ్చేవాడో విన్నట్టు! అందులోంచి త్రాంబోస్పాండిన్-2 అనే ప్రోటీనును ఎంచి, 19-9తో జతచేస్తే 19-9 ఒక్కదాని కంటే మెరుగ్గా జబ్బును పట్టుకుంటోందని 2017లో ప్రకటించారు. రక్తంలో తేలే కేన్సర్ డీఎన్ఏ ముక్కలనూ వెతుకుతున్నారు. ఈ కేన్సర్లలో నూటికి తొంభైకి పైగా కేఆర్ఏఎస్ అనే జన్యువు చెడి ఉంటుంది కాబట్టి అదొక ఆనవాలు. కాకపోతే చిన్న గడ్డ రక్తంలోకి వదిలే ముక్కలు బహు తక్కువ.

ఎవరిలో వెతకాలన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరికి మూడేళ్లలోపు ఈ కేన్సర్ బయటపడుతోందని మేయో క్లినిక్ వాళ్లు 2005లో లెక్కతేల్చారు. తొంభైతొమ్మిది మందికి అది మామూలు షుగరే, భయపడొద్దు. కానీ షుగర్ కొత్తగా వచ్చి, ఒళ్లు కూడా కారణం లేకుండా తగ్గిపోతుంటే డాక్టరుకు ఆ రెండూ కలిపి చెప్పాలి.

మాష్టారి సంగతి చెప్పలేదు కదూ. స్కానింగులో ఆయన పైత్యనాళంలో రాయి కనిపించింది. తీసేశాక అంకె 37 కిందికి దిగింది.

చివరగా ఒక్క మాట, ఇది మన ఊళ్ల గురించి. కామెర్లనగానే పసరు మందు కోసం బస్సెక్కే అలవాటు మనకుంది. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. క్లోమం తలలో గడ్డ పైత్యనాళాన్ని నొక్కితే వచ్చే కామెర్లు అలా తగ్గవు. కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులోకి, మలం బంకమట్టి రంగులోకి మారి, ఒళ్లంతా దురద పుడుతుంది. నొప్పి ఉండకపోవచ్చు కూడా. అప్పుడు పసరుతో గడిపే ప్రతి వారమూ ఆపరేషన్‌కు వీలున్న రోజుల్లోంచి పోయేదే. మీ ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు ఇలా పచ్చబడితే ముందు పొట్ట స్కానింగు చేయించండి.