చెక్క తొట్టిలో చేపలు

చేపల తొట్టికి నాలుగువైపులా గాజే ఉండాలా? అక్కరలేదు. ముందువైపు గాజు, మిగిలిన వైపులా ప్లైవుడ్ చాలు. కాని నీటి బలం ఎంతో ముందు లెక్క కట్టాలి.

తొట్టి పొడవు 120, వెడల్పు 60, ఎత్తు 60 సెంటీమీటర్లనుకుందాం. నిండా పోస్తే నీరు 432 కిలోలు! నీటి పీడనం పైన సున్న, అడుగున చదరపు సెంటీమీటరుకు 60 గ్రాములు, సగటు 30. గాజు వైశాల్యం 7,200 చదరపు సెంటీమీటర్లు. గుణించండి. గాజును నెట్టే బలం 216 కిలోలు! వెడల్పు పెంచినా ఇది మారదు. ఎత్తు రెట్టింపయితే మాత్రం నాలుగింతలవుతుంది.

అందుకే గాజును చట్రానికి లోపలివైపు సిలికోన్‌తో అతికించాలి. అప్పుడు నీరే దానిని చట్రానికి అదిమిపెడుతుంది. బయట అతికిస్తే నీరే ఊడదోస్తుంది. ప్లైవుడ్ నానితే ఉబ్బుతుంది కనుక లోపలంతా ఎపాక్సీ పూయాలి. పెద్దల సాయంతో చేయండి. ముందు నీరు నింపి కొన్నాళ్లు మూలలు తడిమి చూడండి. చేపలు ఆ తర్వాతే!