అడుగుకు అంగుళం

బొమ్మరిల్లు అనగానే తెలుగువారికి ముందుగా పిల్లల ఆటే గుర్తుకొస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క రంగు పట్టించి చేసే లక్కపిడతల్లో పొయ్యి కన్నా రోలు పెద్దదైనా, బొమ్మల కొలువులో కొండపల్లి ఏనుగు పక్కన నిలబెట్టిన కృష్ణుడు దానికంటే ఎత్తుగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. అక్కడ పరిమాణాన్ని నిర్ణయించేది భక్తి, ముచ్చట, కొన్న నాడు చేతిలో ఉన్న డబ్బు తప్ప కొలబద్ద కాదు. యూరప్, అమెరికాలలో పెద్దలు ఏళ్ల తరబడి తయారుచేస్తూ, సేకరిస్తూ వచ్చిన డాల్‌హౌస్ మినియేచర్లు, అంటే బొమ్మరింటి సూక్ష్మ వస్తువులు, మాత్రం కొలబద్దతోనే మొదలవుతాయి. వాటిలో ఎక్కువగా పాటించే కొలత 1:12, అనగా అసలు వస్తువులోని ఒక అడుగు నమూనాలో ఒక అంగుళం కావడం. ఆ లెక్కన రెండున్నర అడుగుల ఎత్తు బల్ల రెండున్నర అంగుళాలకు దిగుతుంది. చోటు చాలనివారు 1:24కీ, 1:48కీ వెళ్తారు గాని, ఒక ఇంట్లో ఒకే కొలత ఉండాలన్న నియమాన్ని మాత్రం వదలరు, ఎందుకంటే ఒక్క చెంచా కొలత తప్పినా గది మొత్తం మళ్లీ బొమ్మగా మారిపోతుంది.

ఈ కొలతకు పేరెన్నికగన్న ఉదాహరణ బ్రిటన్‌లోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు. న్యూఢిల్లీ నగరానికి రూపకల్పన చేస్తున్న రోజుల్లోనే సర్ ఎడ్విన్ లుట్యెన్స్ 1921-24 మధ్య దీన్ని 1:12 కొలతలో నిర్మింపజేశాడు. 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో జనం చూసిన ఆ ఇంట్లో విద్యుద్దీపాలు వెలిగేవి, లిఫ్టులు నడిచేవి, కుళాయిల్లో నీళ్లు వచ్చేవి. గ్రంథాలయంలోని చిట్టి పుస్తకాలలో ఆనాటి ప్రముఖ రచయితలు తమ రచనలు పొందుపరిచారు. కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్, వాట్సన్‌లతో ఒక చిన్న కథే దానికోసం రాశాడు, బెర్నార్డ్ షా మాత్రం ఒప్పుకోలేదు. గెర్‌ట్రూడ్ జెకిల్ రూపొందించిన తోట పీఠంలోని సొరుగులో ఇమిడిపోయి, లాగితే బయటికొస్తుంది.

ఆ బొమ్మరింటి నేలమాళిగలోని సీసాలలో నిజమైన ద్రాక్షసారానే నింపారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పన్నెండో వంతుకు తగ్గినప్పుడు లోపలి పరిమాణం పన్నెండో వంతు కాక 1,728వ వంతు అవుతుంది కాబట్టి, 750 మిల్లీలీటర్ల సీసా ఈ కొలతలో అర మిల్లీలీటరు కూడా పట్టదు, అంటే సుమారు తొమ్మిది చుక్కలు. అసలు చిక్కు చుక్కతోనే ఉంది. సీసాను కుదించవచ్చు గాని నీటిచుక్కను కుదించలేము. తలతన్యత, అనగా ద్రవం పైపొరను బిగించి ఉంచే గుణం, చుక్క పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల మామూలు చుక్క బొమ్మరింటి కుళాయి నుంచి జారితే, ఆ ఇంటి మనిషి కంటికి అది నిమ్మకాయంత కనిపించాలి. మినియేచర్ కళలోని నైపుణ్యమంతా ఇటువంటి మొండి పదార్థాలతో రాజీ కుదుర్చుకోవడంలో ఉంటుంది. చిన్నగా చేయడమే గొప్ప అనుకునేవారు ఈ సంగతిని తరచు పట్టించుకోరు.

బట్ట ఇంకా మొండిది. ఐదున్నర మీటర్ల చీర 1:12లో దాదాపు 46 సెంటీమీటర్ల పట్టీ అవుతుంది గాని పోగు మందం అంతే ఉంటుంది, కాబట్టి సన్నటి నేతచీర గుడ్డ కూడా ఆ కొలతలో జంపఖానాలా బిగుసుకుంటుంది. కిందికి లాగే బరువు చాలక కుచ్చిళ్లు జారవు, గొడుగులా విచ్చుకుంటాయి. అందుచేత తయారీదారులు దొరికినంత పలుచని పట్టుగుడ్డను తీసుకుని, పలుచటి గంజిలోనో నీళ్లు కలిపిన జిగురులోనో తడిపి, థర్మాకోల్ పలక మీద ఒక్కొక్క మడతనూ గుండుసూదితో బిగించి, ఆరేదాకా వదిలేస్తారు. సూదులు తీశాక కుచ్చిళ్లు నిలిచేది బట్ట బరువుతో కాదు, గంజి పట్టుతో. కర్రతోనూ ఇదే పేచీ: టేకు, ఓక్ వంటి కర్రల రంధ్రాలు చిన్న బల్ల మీద కాలువల్లా కనిపిస్తాయి గనక, నార దగ్గరగా ఉండే పియర్, చెర్రీ కర్రలను తెచ్చి, రంగు వేసి, అవే టేకనీ మహాగనీ అనీ నమ్మిస్తారు.

తినుబండారాల విషయంలో మాత్రం పదార్థం కొంత సహకరిస్తుంది. పాలిమర్ క్లే అనేది ప్లాస్టిక్ పొడిని మెత్తబరిచి చేసిన ముద్ద, ఇంటి ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల వేడికి గట్టిపడుతుంది. నిమ్మచెక్క కావాలంటే పసుపు తొనలను బొటనవేలంత మందాన చేసి, మధ్య మధ్య తెల్లటి పొరలు పెట్టి, చుట్టూ తెలుపు, ఆపైన పసుపు తొక్క చుట్టి, ఆ కడ్డీని అన్ని వైపులా సమానంగా నొక్కుతూ సాగదీస్తారు. కడ్డీ సన్నబడినకొద్దీ లోపలి బొమ్మ చెరగకుండా తానూ సన్నబడుతుంది. నాలుగు మిల్లీమీటర్లకు దిగాక బ్లేడుతో పలుచగా కోస్తే ప్రతి ముక్కలోనూ అన్ని తొనలూ లెక్కకు వస్తాయి.

ఈ సూక్ష్మ వస్తువుల సేకరణకు చరిత్ర పొడవే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రెయిక్స్ మ్యూజియంలో ఉన్న పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు 1686-1710 మధ్య కూడినది. చైనా నుంచి చిట్టి పింగాణీ తెప్పించిన ఆ సంపన్న గృహిణి దాని మీద పెట్టిన ఖర్చుతో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే వచ్చేదంటారు. 1930లలో అమెరికాలో నార్సిస్సా థోర్న్ చేతిపనివారిని కూర్చోబెట్టి చేయించిన సూక్ష్మ గదుల్లో 68 షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో మనుషుల బొమ్మలుండవు, అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు పుస్తకం, కళ్లద్దాలు మాత్రమే ఉంటాయి. బొమ్మ మనిషి కనిపిస్తే కన్ను కొలతను అనుమానిస్తుంది గనక ఇది తెలివైన నిర్ణయమే.

అమెరికాకే చెందిన ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ ఈ పద్ధతికి పూర్తిగా ఎదురునడిచింది. 1940లలో ఆమె పోలీసు దర్యాప్తు శిక్షణ కోసం 1:12 కొలతలోనే చేసిన మరణ దృశ్యాల గదుల్లో బొమ్మలు శవాలుగా పడి ఉంటాయి, వాటి మేజోళ్లను ఆమె గుండుసూదులంత సన్నటి సూదులతో స్వయంగా అల్లింది. ఇక్కడ కొలత అందం కోసం కాదు, సాక్ష్యం కోసం: రక్తపు మరక పడిన చోటు, కర్టెన్ తొలగిన తీరు, వంటగదిలో సగంలో ఆగిన పని ఏదైనా ఆధారం కావచ్చు. పద్దెనిమిది గదులు నేటికీ బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ రాష్ట్ర వైద్య పరీక్షాధికారి కార్యాలయంలో ఉన్నాయి. శిక్షణకు ఇప్పటికీ వాడుతున్నందువల్ల వాటిలో ఏం జరిగిందన్న జవాబులను బయటపెట్టరు.