వాసన పీల్చితే కషాయము త్రాగవచ్చునా?
బాష్ప పీడనము – ఊపిరికి హాని

తినే ఆహారమును మనము ఎంచుకొనగలము. త్రాగే నీటిని కాచి వడకట్టుకొనగలము. పీల్చే గాలి విషయములో మనకు ఆ వీలు లేదు. పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల చెంతనున్న ముత్తంగిలో వైద్యము చేయుచున్న నన్ను చాలమంది అడుగు ప్రశ్న ఇది: "ఫ్యాక్టరీ వాసన పీల్చినం సారూ, ఏం కషాయం తాగాలె?" కషాయము సంగతి తరువాత చెప్పెదను. ముందుగా బాష్ప పీడనము అనగా ఏమో తెలిసికొనవలెను.

మూత తీసిన డబ్బాలో కర్పూరము క్రమముగా తరిగిపోవుట గృహిణులందరూ ఎరిగినదే. అది ఆవిరియై గాలిలో కలిసినది. మూత బిగించిన సీసాలో ఒక పదార్థపు ఆవిరి పూర్తిగా నిండినపుడు కలిగించు ఒత్తిడియే దాని బాష్ప పీడనము. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఇది నీటికి సుమారు 17.5 మిల్లీమీటర్లు, ఔషధ కర్మాగారములలో వాడు టోలుయీన్‌కు 22, ఎసిటోన్‌కు 180, పాదరసమునకు కేవలము 0.0012.

వాతావరణ పీడనము 760 మి.మీ. కనుక, బాష్ప పీడనమును 760తో భాగించి పది లక్షలతో గుణించినచో, కదలని గాలి గల మూసిన గదిలో ఆ ఆవిరి గరిష్ఠముగా పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు చేరగలదో తెలియును. ఎసిటోన్‌కు ఇది సుమారు 2,37,000 పాళ్ళు. పనిచేయు చోట అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచించిన పరిమితి 250. అనగా దాదాపు 950 రెట్లు.

పాదరసము అంత స్వల్పముగా ఆవిరియగును గదా, భయమేల అందురేమో! దాని ఆవిరి ఘనపు మీటరు గాలిలో 13 మిల్లీగ్రాముల వరకు చేరగలదు, పరిమితి 0.025 మాత్రమే. ఇక్కడను 500 రెట్లకు పైగా హెచ్చు! పీడనము ఒక్కటే చూచినచో చాలదు. విష తీవ్రతతో కలిపి చూడవలెను. చరకుడు విషమునకు చెప్పిన పది గుణములలో సూక్ష్మము, వ్యవాయి అనునవి కలవు. జీర్ణము కాకమునుపే దేహమంతట వ్యాపించునది వ్యవాయి. ఊపిరితిత్తుల ద్వారా రక్తమున చేరు ఆవిరికి ఈ మాట చక్కగా సరిపోవును.

వేడిమి పెరిగిన కొలది ఈ పీడనమును పెరుగును. 40 డిగ్రీల ఎండలో టోలుయీన్ బాష్ప పీడనము 20 డిగ్రీల నాటికంటె రెండున్నర రెట్లకు పైబడును. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణములోని ఎల్.జి. పాలిమర్స్‌లో జరిగినదిదే. స్టైరీన్ బాష్ప పీడనము 20 డిగ్రీల వద్ద సుమారు 5 మి.మీ. మాత్రమే. కాని ట్యాంకులో రసాయన చర్య వలన వేడి హెచ్చి ఆవిరి వెలువడగా 12 మంది ప్రాణములు కోల్పోయిరి.

గృహస్థులు పాటించవలసినవి:

1. రసాయనములు నింపిన పాత డ్రమ్ములను నీటికి, ధాన్యమునకు వాడరాదు.

2. థర్మామీటరు పగిలినచో చీపురుతో ఊడ్వరాదు. పిల్లలను బయటకు పంపి, కిటికీలు తెరచి, గట్టి కాగితముతో బిందువులను సీసాలోనికి ఎత్తి మూత బిగించవలెను.

3. ఇంటిలో ద్రావణి ఒలికినచో నిప్పు, స్విచ్చు తాకక వెలుపలికి రావలెను. ఈ ఆవిరులు పెక్కు గాలికంటె బరువైనవి. నేలపై పరుండిన పసిపిల్లలకు ముందుగా సోకును.

4. వాసన తెలియకపోయినంత మాత్రమున ఆవిరి పోయినట్లు కాదు. ముక్కు దానికి అలవాటు పడును. తడిగుడ్డ ద్రావణుల ఆవిరిని ఆపజాలదు.

5. కండ్లు మండినచో పదిహేను నిమిషములు ధారగా నీటితో కడుగవలెను.

ఇక కషాయము సంగతి. ఆవిరి సోకి ఆయాసము, మత్తు, వాంతి కలిగినవారికి మొదటి ఔషధము శుభ్రమైన గాలి. రెండవది ఆసుపత్రిలోని ప్రాణవాయువు. స్పృహ తగ్గినవానికి పాలు, నెయ్యి, కషాయము పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాపాయము కలుగును. కొన్ని వాయువుల ప్రభావము గంటల తరువాత బయటపడును గనుక, తేరుకొనినట్లు కనిపించినను వైద్యునికి చూపవలెను. తులసి, అతిమధురము దగ్గు ఉపశమనమునకు మంచివే; కాని అవి ఈ వేళ వాడవలసినవి కావు.