230 పీఎస్ కారు కొన్నారు సరే, నడపడం ఎక్కడ నేర్చుకుంటారు? పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూల్ ఎంచుకునే ముందు ఇది చదవండి

పోయిన దసరాకి పాల్వంచ వెళ్తే మా బాబాయి కొడుకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆక్టేవియా ఆర్‌ఎస్230 చూపించాడు. 2 లీటర్ టర్బో పెట్రోల్, 230 పీఎస్. "అన్నా, ఎక్కు, భద్రాచలం దాకా ఒక రౌండ్ వేసొద్దాం" అన్నాడు. ఎక్కాను. పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక ఒక మలుపు తిరిగామో లేదో, ఎదురుగా ఆగిపోయిన బొగ్గు లారీ. ఇండికేటర్ లేదు, రిఫ్లెక్టర్ లేదు, వెనక నాలుగు చెట్టు కొమ్మలు పడేసి ఉన్నాయి, అంతే. స్పీడోమీటర్‌లో నేను చివరిసారి చూసింది 100.

వాడు బ్రేక్ గట్టిగానే తొక్కాడు. కానీ ఏబీఎస్ పనిచేయడం మొదలై పెడల్ కాలి కింద దడదడా కొట్టుకోగానే, భయపడి కాలు తీసేశాడు! ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి పక్కనుంచి తప్పించి బయటపడ్డాం. కారు ఆపాక వాడన్న మాట: "ఏదో విరిగిపోయిందనుకున్నా అన్నా." ఏడాదిగా ఆ కారు నడుపుతున్నాడు. లాంచ్ ఎలా చేయాలో తెలుసు, జీరో టు హండ్రెడ్ టైమ్ నోటికి వచ్చు. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ అలాగే కొట్టుకుంటుందని, అప్పుడే ఇంకా గట్టిగా తొక్కి పట్టుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ ఆర్టికల్ రాయడానికి కారణం అదే.

లెక్క చూద్దాం. 60లో వెళ్తుంటే, మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే బ్రేక్ పట్టాక కారు ఆగడానికి దాదాపు 18 మీటర్లు. 100లో అయితే 49 మీటర్లు. స్పీడ్ రెట్టింపు కాకుండానే దూరం దాదాపు మూడింతలు, ఎందుకంటే ఇక్కడ పనిచేసేది స్పీడ్ కాదు, స్పీడ్ స్క్వేర్. వాన పడితే ఆ 49 కాస్తా 80కి దగ్గరవుతుంది. పైగా మన మెదడు స్పందించడానికి ఒక సెకను పట్టిందనుకోండి, బ్రేక్ మీద కాలు పడేలోపే 28 మీటర్లు పోయినట్టే. ఇంజన్‌కి ఎన్ని పీఎస్ ఉన్నా ఈ లెక్క మారదు.

ఫోన్ భాషలో చెప్పాలంటే, చిప్‌సెట్ ఫ్లాగ్‌షిప్, వాడేవాడి ఫర్మ్‌వేర్ మాత్రం అప్‌డేట్ కాలేదు. ఆ అప్‌డేట్ ఇచ్చేదే పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూల్. అయితే ఆ పేరుతో మూడు రకాల సరుకు దొరుకుతుంది, తేడా తెలియకపోతే డబ్బులు వేస్ట్.

మొదటిది, కార్ కంపెనీలు పెట్టే డ్రైవింగ్ ఎక్స్‌పీరియన్స్ ఈవెంట్లు. భోజనం బాగుంటుంది, ఫోటోలు బాగుంటాయి, నేర్చుకునేది తక్కువ. అది ఒక రకంగా పొడుగాటి టెస్ట్ డ్రైవ్. రెండోది ట్రాక్ డే. గేటు దగ్గర ఫీజు కట్టి సొంత కారుతో తిరగడం. పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకపోతే మీ పాత తప్పులనే ఇంకా స్పీడ్‌గా ప్రాక్టీస్ చేస్తారు. మూడోది అసలైన స్కూల్: ముందు క్లాస్‌రూమ్, తర్వాత ట్రాక్, చివర్లో ఎక్కడ ఏం తప్పు చేశారో కూర్చోబెట్టి చెప్పడం. ఇందులోనూ కొన్ని రేసర్లని తయారుచేసేవి, సింగిల్ సీటర్ ఫార్ములా కార్లలో నేర్పిస్తాయి. పోటీల్లో దిగాలనుకుంటే అదే దారి, దానికి ఎఫ్‌ఎంఎస్‌సీఐ, అంటే ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఇచ్చే లైసెన్స్ కావాలి. మా తమ్ముడి లాంటోళ్లకి కావాల్సింది అది కాదు. సొంత కారులో బ్రేకింగ్, చూపు, స్టీరింగ్ నేర్పేది కావాలి.

మన దగ్గర ట్రాక్ ఎక్కడుంది అని అడుగుతారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల సర్క్యూట్ మీద ఫార్ములా ఈ రేస్ జరిగింది, గుర్తుందిగా? అది మామూలు రోడ్లని మూసేసి చేసింది. ఇప్పుడు అక్కడ సిటీ ట్రాఫిక్కే. కాబట్టి ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకి నా సలహా చెన్నై. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 1990 నుంచి నడుస్తోంది. ఖమ్మం మీదుగా రైళ్లూ ఉన్నాయి. కోయంబత్తూర్‌లో కారి మోటార్ స్పీడ్‌వే చిన్నది, దాదాపు 2.1 కిలోమీటర్లు. కొత్తవాళ్లకి చిన్న ట్రాకే నయం, అవే మలుపులు త్వరగా మళ్లీ మళ్లీ వస్తాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ 5 కిలోమీటర్ల పైనే, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన చోటు. పేరు గొప్పదే, కానీ మొదటి క్లాస్‌కి అంత దూరం అనవసరం.

స్కూల్‌కి ఫోన్ చేసినప్పుడు మొదట ఫీజు అడక్కండి. రోజు మొత్తంలో నేను స్టీరింగ్ పట్టుకునేది ఎన్ని నిమిషాలు అని అడగండి. ఎనిమిది గంటల ప్రోగ్రామ్‌లో నలభై నిమిషాలే డ్రైవింగ్ ఉండొచ్చు. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, ఆయన పక్క సీట్లో కూర్చుంటాడా లేక వాకీటాకీలో చెప్తాడా, ఇది రెండోది. ఇంకో చిన్న పరీక్ష: మొదటి ఎక్సర్‌సైజ్ ఏంటని అడగండి. "ఫుల్ స్పీడ్‌లో రెండు ల్యాప్‌లు" అంటే ఫోన్ పెట్టేయొచ్చు. కోన్‌ల మధ్య పూర్తి బ్రేక్ కొట్టించడం, బ్రేక్ పట్టుకునే స్టీరింగ్ తిప్పి అడ్డు తప్పించడం, తడి నేల మీద ఈఎస్‌సీ ఎలా పనిచేస్తుందో చూపించడం, ఇలాంటివి చెప్తే సరైన చోటే. మా లారీ సీన్‌కి కావాల్సిన పాఠం సరిగ్గా ఆ రెండోదే.

డేటా ఇస్తారా అని కూడా అడగండి, మన సైట్ చదివేవాళ్లకి ఇది నచ్చుతుంది. చాలా ఫోన్‌ల జీపీఎస్ సెకనుకి ఒక్కసారే పొజిషన్ ఇస్తుంది, అంటే 100లో 28 మీటర్లకి ఒక చుక్క. బ్రేక్ ఎక్కడ పట్టారో దానితో తేలదు. స్కూళ్లు వాడే 10 హెర్ట్జ్ లాగర్‌లో 2.8 మీటర్లకి ఒక చుక్క పడుతుంది. ఇన్‌స్ట్రక్టర్ గ్రాఫ్ పక్కన మీ గ్రాఫ్ పెట్టి చూస్తే అహం దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. మన మామూలు కార్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అనే చోట చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావని ఉంటుంది. ట్రాక్‌లో గోడకి గుద్దితే ఖర్చు మీదే అనుకోవాలి. అందుకే మొదటిసారి స్కూల్ కారే తీసుకోండి, డ్యామేజ్‌కి మీరు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి. "ఎందుకన్నా ఇదంతా, మారేడుమిల్లి ఘాట్‌లో ఫ్రీగా నేర్చుకుంటా" అన్నాడు మావాడు. ఆ ఘాట్‌లో ఎదురొచ్చేది ఆర్టీసీ బస్సు. పైగా అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ చేస్తే మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 189 కింద మొదటిసారికే 3 నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

సొంత కారే తీసుకెళ్తే రెండు చూసుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది వేయించండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ కనీసం 155కి పడిపోతుంది. ట్రాక్‌లో అది మరిగితే పెడల్ నేలకి తగులుతుంది. తర్వాత టైర్ పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అలాంటి టైర్‌కి గ్రూవ్‌లు ఎంత ఉన్నా ట్రాక్‌కి వద్దు.

మావాడు చివరికి స్కూల్ కారుతో ఒక రోజు కోర్సు బుక్ చేశాడు. మొన్న రాత్రి ఫోన్: "అన్నా, బైక్ హెల్మెట్ పనికొస్తదా?" బైక్ హెల్మెట్లకి స్నెల్ ఎం రేటింగ్, కార్లకి ఎస్‌ఏ. ఎస్‌ఏలో మంటలకి తట్టుకునే పరీక్ష అదనంగా ఉంటుంది. కొనకు, ముందు స్కూల్ వాళ్లే ఇస్తారేమో అడుగు అన్నాను.